అస్తిత్వం, భేదం: రెండు ముఖపత్రాల పుస్తకం

మన కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖపత్రాలున్నవి. తెలుగు పుస్తకాన్ని తెరచినట్లు తెరిస్తే తెలుగు విభాగం మొదలవుతుంది. అదే పుస్తకాన్ని త్రిప్పి ఉర్దూ పుస్తకాన్ని తెరచినట్లు తెరిస్తే ఉర్దూ విభాగం మొదలవుతుంది. ఒక లిపి ఎడమ నుండి కుడికి, మరొక లిపి కుడి నుండి ఎడమకు నడచి వచ్చి, పుస్తకం మధ్యలో ఒక తెల్లకాగితం వద్ద రెండూ ఆగిపోతాయి. ఈ అమరికను చూచి అతిథులు ముచ్చటపడతారు. వార్షికోత్సవ సభలో వక్తలు దీనిని భిన్నత్వంలో ఏకత్వానికి నిదర్శనమని కొనియాడతారు. వారి మాట కాదనవలసినది కాదు. అయితే ఆ తెల్లకాగితాన్ని దాటి అవతలి సగాన్ని చదివేవారు మనలో ఎందరు? ఒకే దారంతో కుట్టినంత మాత్రాన రెండు పుస్తకాలు ఒక పుస్తకం కాగలవా?

ఇది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. కాని దీని వెనుక చాల పెద్ద ప్రశ్న ఉన్నది. నేనెవరు? నాకంటె వేరైనవాడెవడు? మా ఇద్దరికీ గల సంబంధమేమిటి? తత్త్వవేత్తలు రెండువేల ఏండ్లకు పైబడి ఈ ప్రశ్నతో పెనగులాడుతున్నారు. దీనికి తొందరపడి తప్పు సమాధానం చెప్పుకొన్న చోట రాజ్యాలు చీలిపోయినవి, రక్తం ప్రవహించినది. కనుక ఈ విషయాన్ని తత్త్వశాస్త్రంలో, రాజకీయంలో, సంఘంలో కొంత పరిశీలించి, చివరకు మన తెల్లకాగితం వద్దకు తిరిగి రావటం ఈ వ్యాసం ఉద్దేశం.

తత్త్వశాస్త్రంలో

ముందుగా మాటల సంగతి చూడాలి. ఆంగ్లంలో ఐడెంటిటీ అనే ఒక్క మాటతో సరిపుచ్చే భావానికి మన భాషలో మూడు మాటలు కావలసివస్తున్నవి. రెండుగా కనిపించేవి నిజానికి ఒక్కటే అని చెప్పదలచినప్పుడు తాదాత్మ్యం అంటాం. ఒక మనిషి గాని, ఒక సమూహం గాని తాను ఫలానా అని తెలిసి నిలబడటాన్ని అస్తిత్వం అంటాం. ఇతరులు వారిని ఫలానా అని పోల్చుకొనటాన్ని గుర్తింపు అంటాం. ఉర్దూలో షనాఖ్త్, పహచాన్ అనే మాటలు ఈ భావం చుట్టూనే తిరుగుతున్నవి. ఈ మూడూ వేరువేరు. నా అస్తిత్వం నాకు తెలియాలి. నా గుర్తింపు కొంత మీ చేతిలోనూ ఉన్నది. మీరూ నేనూ సమానులం కావటానికి మాత్రం మన మధ్య తాదాత్మ్యం అవసరం లేదు. ఈ వివేకం లోపించినందువల్లనే సగం కలహాలు పుడుతున్నవి.

గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక నౌక సంగతి చెప్పినాడు. వీరుడైన థీసియస్ ఎక్కి తిరిగివచ్చిన నౌకను ఏథెన్సు ప్రజలు భద్రపరచినారు. కుళ్ళిన పలకను తీసివేసి దాని స్థానంలో కొత్త పలకను అమరుస్తూ పోయినారు. మరి ఇది పాత నౌకయేనా, కాదా అని తత్త్వవేత్తలు వాదులాడుకొన్నారు. మన దేశంలో మిళిందపన్హా అనే పాళీ గ్రంథంలో యవనరాజు మిళిందునికి నాగసేన భిక్షువు ఇటువంటి సమస్యనే దీపం సాయంతో వివరించినాడు. రాత్రి తొలిజామున వెలిగించిన దీపం తెల్లవారేవరకూ వెలిగినది. తొలిజాము నాటి జ్వాల, కడపటి జాము నాటి జ్వాల ఒక్కటి కావు. అలాగని వేరొక దీపమూ కాదు. మన ముత్తాతలు మాట్లాడిన తెలుగును మనం మాట్లాడటం లేదు. గోలకొండ సుల్తానుల నాటి దక్కనీ నేటి ఉర్దూ కాదు. పలకలు మారినవి. అయినా దీపం ఆరలేదు. మార్పు చెందనిదే నిజమైన అస్తిత్వమని వాదించేవారు ఈ దీపాన్ని ఒకసారి తలచుకొనటం మంచిది.

ఇక భేదం సంగతి. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని ప్రతీతి. ఆ చిన్న గ్రంథం అభావాన్ని నాలుగు విధాలుగా విభజించినది. వాటిలో నాల్గవది అన్యోన్యాభావం. కుండ వస్త్రం కాదు అన్నది దానికి ఉదాహరణ. కుండలో వస్త్రం లేదనటం వేరు, కుండయే వస్త్రం కాదనటం వేరు. ఈ రెండవ మాట రెండింటికీ గల తాదాత్మ్యాన్ని నిషేధిస్తున్నది. అనగా భేదాన్ని నిర్వచించటానికి కూడ తాదాత్మ్యమనే భావనను ఆశ్రయించక తప్పదు. ఇందులో మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. కుండ వస్త్రం కాదనటంలో కుండకు అవమానమూ లేదు, వస్త్రానికి గొప్పా లేదు. భేదం తనంతట తాను ఎక్కువ తక్కువలను తీసుకొని రాదు. అవి తరువాత మనుషులు తగిలించినవి.

ఉర్దూ అక్షరాలు నేర్చుకొనే పసివాని పలకను చూడండి. పడవ వంటి ఒకే గీత. దాని క్రింద ఒక చుక్క పెడితే బే. మూడు చుక్కలు పెడితే పే. పైన రెండు చుక్కలు పెడితే తే. మన తెలుగులో ద క్రింద చిన్న గీత చేరిస్తే ధ అవుతున్నది. చుక్కలన్నీ తుడిచివేస్తే అక్షరాలన్నీ ఒకటవుతాయి, నిజమే. కాని అప్పుడు చదవటానికి ఏమీ మిగలదు. భాషలో ప్రతి గుర్తూ ఇతర గుర్తులతో తనకు గల భేదం వల్లనే విలువ పొందుతున్నదని స్విట్జర్లాండు పండితుడు సొస్యూర్ బోధించినాడు. ఆయన మరణానంతరం 1916లో వెలువడిన గ్రంథం భాషాశాస్త్రానికి కొత్తదారి చూపినది. ఆయన చెప్పిన సత్యం బడిపిల్లవాని పలక మీద నిత్యమూ కనిపిస్తున్నదే.

ఏకత్వ భేదాలను గూర్చి ఏ మతంలోనూ ఒకే సమాధానం లేదు. శంకరులు అభేదమే పరమార్థమన్నారు. రామానుజులు ఏకత్వాన్ని అంగీకరిస్తూనే చేతనాచేతనాలు దానికి విశేషణాలుగా నిలిచి ఉన్నవన్నారు. మధ్వులు జీవునికి ఈశ్వరునికి, జడానికి ఈశ్వరునికి, జీవునికి జీవునికి, జీవునికి జడానికి, జడానికి జడానికి గల ఐదు భేదాలూ సత్యమేనన్నారు. ఇస్లామీయ చింతనలో అండలూసియాలో జన్మించిన ఇబ్న్ అరబీ పేరుతో వహదతుల్ వుజూద్ అనే సిద్ధాంతం ముడివడి ఉన్నది. ఉన్నది ఒక్కటే సత్ అని దాని సారాంశం. 17వ శతాబ్దారంభంలో షేక్ అహ్మద్ సిర్హిందీ దానిని విమర్శించి, సాధకునికి తోచే ఏకత్వం దర్శనంలోనిదే గాని ఉనికిలోనిది కాదని వాదించినాడు. ఈ రెండు సంప్రదాయాలూ ఒకటేనని నేననటం లేదు. ఒకే ప్రశ్న రెండిళ్ళలోనూ పుట్టినదని, ప్రతి ఇంటిలోనూ అన్నదమ్ములు దానికి వేరువేరు సమాధానాలు చెప్పినారని మాత్రమే అంటున్నాను. మనవాళ్ళందరూ ఒక్కటే, వాళ్ళందరూ వేరే అని తేలికగా పలికేవారు తమ ఇంటి గ్రంథాలను తెరచి చూడలేదని చెప్పవలసి ఉంటుంది.

రాజకీయంలో

తత్త్వశాస్త్రంలో తప్పు చేస్తే గ్రంథం పాడవుతుంది. రాజకీయంలో తప్పు చేస్తే మనుషులు నశిస్తారు.

1947 తరువాత పాకిస్తాను పాలకులు మతం ఒకటి గనుక భాష కూడ ఒకటే కావాలని, అది ఉర్దూయే కావాలని తలపెట్టినారు. ఆ దేశ ప్రజలలో ఎక్కువమంది మాతృభాష బెంగాలీ. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీకి కూడ స్థానం కావాలని కోరిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపినారు. 1956 నాటి రాజ్యాంగం బెంగాలీని కూడ అధికార భాషగా గుర్తించినది గాని అప్పటికే మనసులు విరిగినవి. ఆర్థికంగా, రాజకీయంగా తమకు జరిగిన అన్యాయం కూడ తోడై 1971లో బంగ్లాదేశ్ ఏర్పడినది. 1999లో యునెస్కో ఆ ఫిబ్రవరి 21నే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించినది. ఉర్దూను ప్రేమించే మనం ఈ ఘట్టాన్ని తప్పించుకొని పోరాదు. తప్పు ఉర్దూ భాషది కాదు. మధురమైన భాషను మరొకరి నాలుకపై బలవంతంగా నిలపబోయినవారిది. నాటి సిలోనులో 1956లో సింహళాన్ని మాత్రమే అధికార భాషగా చేసిన చట్టం తమిళుల మనసులలో అటువంటి గాయాన్నే మిగిల్చినది. 1983 నుండి 2009 వరకు సాగిన అంతర్యుద్ధానికి గల కారణాలలో దానిని కూడ లెక్కించక తప్పదు.

ఇది బలవంతపు ఏకత్వం. దీనికి విరుద్ధంగా బలవంతపు భేదం కూడ ఉన్నది. దక్షిణాఫ్రికాలో 1948లో అధికారంలోనికి వచ్చిన ప్రభుత్వం, భేదాన్ని గౌరవిస్తున్నామనే మాటతోనే ప్రజలను జాతులవారీగా విడదీసినది. 1953లో నల్లజాతి బాలలకు వేరుగా, తక్కువగా విద్య నిర్ణయించే చట్టం చేసినది. ఆ తరువాత వారి పాఠశాలలలో ఆఫ్రికాన్స్ భాషను నిర్బంధించగా 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు వీధులలోనికి వచ్చి కాల్పులకు గురియైనారు. 1994 ఎన్నికలతోనే ఆ వ్యవస్థ అంతరించినది. అమెరికాలో కూడ వేరుగా ఉంచినా సమానంగానే చూస్తున్నామనే వాదాన్ని 1896లో అక్కడి సుప్రీంకోర్టు ఆమోదించి, పాఠశాలల విషయంలో 1954లో అదే కోర్టు త్రోసిపుచ్చినది.

ఢాకాలో, సొవెటోలో కాల్పులకు ఎదురు నిలిచినవారు విద్యార్థులే. ఒకచోట ఏకత్వం పేర, మరొకచోట భేదం పేర అన్యాయం జరిగినది. కనుక దోషం ఏకత్వంలోనూ లేదు, భేదంలోనూ లేదు. ఎవరు ఎవరితో కలవాలో, ఎవరు ఎంత దూరంలో నిలవాలో సంబంధిత జనులను అడగకుండ మరొకరు నిర్ణయించటంలో ఉన్నది. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ సూక్ష్మాన్ని గ్రహించినారు. 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులన్నది. ఆ వెనువెంటనే 15వ అధికరణం వివక్షను నిషేధిస్తూనే, స్త్రీలకు, బాలలకు, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునన్నది. 29వ అధికరణం ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని కాపాడుకొనే హక్కునిచ్చినది. 30వ అధికరణం మతపరంగా గాని, భాషాపరంగా గాని అల్పసంఖ్యాకులైనవారికి విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చినది. 1956లో చేర్చిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించటానికి ప్రయత్నించవలసినదని రాష్ట్రాలను ఆదేశించినది. సమానత్వానికి, భేదాన్ని నిలుపుకొనే స్వేచ్ఛకు ఒకే గ్రంథంలో చోటు దొరికినది. మన కళాశాల నిలబడి ఉన్నది ఈ పునాది మీదనే.

సంఘంలో

అల్పసంఖ్యాకులు అనే మాటను మనం ఒక జన్మగుణం వలె వాడుతున్నాం. అది గుణం కాదు, సంబంధం. ఈ విషయంలో రాష్ట్రాన్నే ప్రాతిపదికగా తీసుకోవాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. ఆంధ్రప్రదేశ్‌లో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు హొసూరు చేరగానే అల్పసంఖ్యాకుడవుతున్నాడు. తమిళనాడులో 2006 నాటి చట్టం పాఠశాలలలో తమిళాన్ని నిర్బంధం చేసిన తరువాత అక్కడి తెలుగు తల్లిదండ్రులు తమ బిడ్డల తెలుగు ఏమవుతుందోనని కలతపడినారు. ఆ కలత మనకు అర్థమైతే, మన పట్టణంలో ఉర్దూ తల్లిదండ్రుల కలత కూడ అర్థం కావాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్టాలు వచ్చినవి. అవి సంతోషించదగినవే. కాని చట్టం బల్లపై పేరు వ్రాయించగలదు. ప్రక్కవాని పుస్తకాన్ని తెరిపించలేదు.

చరిత్ర చక్రం కూడ గమనార్హం. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించి, ఒక భారతీయ భాష ఆధునిక శాస్త్రాలను మోయగలదని నిరూపించినది. దానికోసం ఏర్పడిన అనువాద సంస్థ శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. అది గొప్ప సేవ. కాని ఆనాటి హైదరాబాదు సంస్థానంలో మిగిలిన భాషలన్నిటికంటె ఎక్కువమంది ఇంటిభాష అయిన తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో తెలుగులో ప్రసంగించబోయిన వక్తను ఇతర భాషలవారు కొందరు ఎగతాళి చేసినారు. ఆ అవమానంలో నుండి ఆంధ్ర జనసంఘం పుట్టినది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. నేడు పీఠాలు మారినవి. తెలుగు రాజ్యభాష, ఉర్దూ ఆదరణ కోరే భాష. రెండు భాషలూ రెండు పీఠాల మీదా కూర్చొని చూచినవే గనుక, ఒకదాని బాధ మరొకదానికి తెలియదనటానికి వీలు లేదు.

మనిషి విషయంలోనూ గుర్తింపు ఇట్టిదే. కడప జిల్లా నుండి ఎందరో యువకులు కువైటుకు పోతున్నారు. వారిలో ఉర్దూ మాట్లాడే ఒక యువకుని ఊహించుకొందాం. తల్లికి అతడు బేటా. ఊరిలో సాయిబుగారబ్బాయి. హైదరాబాదు చేరితే సీమవాడు. ఢిల్లీ చేరితే మద్రాసీ. కువైటు చేరగానే అరబ్బులు అతనిని హిందీ అంటారు. వారి భాషలో హిందీ అంటే భారతీయుడు. ఐదు పేర్లు, ఒక మనిషి. ఇందులో ఏది అబద్ధం? ఒక్కటీ కాదు. ఇందులో ఏది మాత్రమే అతడు? ఒక్కటీ కాదు. ఐదింటిలో ఒకదానిని ఎన్నుకొని, ఇదే నీవు, ఇంకేమీ కావు అని అతనిని అందులో బంధించటమే అన్యాయం.

ఆ బంధనం ఎంత దూరం పోగలదో అమర్త్యసేన్ 2006లో వెలువరించిన ఐడెంటిటీ అండ్ వయొలెన్స్ గ్రంథం తెలుపుతున్నది. 1944లో ఢాకాలో మతకల్లోలాల నడుమ కాదర్ మియా అనే ముస్లిం కూలీ కత్తిపోట్లతో నెత్తురోడుతూ బాలుడైన సేన్ ఇంటి ఆవరణలోనికి వచ్చినాడు. ఇంటిలో తిండిగింజలు లేనందున కల్లోల సమయమని తెలిసియు పనికి బయలుదేరినాడట. ఆసుపత్రికి చేర్చినా బ్రతకలేదు. అతడు భర్త, తండ్రి, కూలీ, బెంగాలీ, ఆకలిగొన్నవాడు. హంతకులకు మాత్రం ఒక్క గుర్తింపే కనిపించినది. ఆ కల్లోలాలలో రెండు మతాలలోనూ చనిపోయినవారు అధికంగా పేదలేనని, ఆ పేదరికమనే సామాన్య గుర్తింపు ఎవరి కంటా పడలేదని సేన్ ఆవేదన.

బయటివారిని ఇంతగా అడిగిన మనం లోపలికి కూడ చూచుకోవాలి. మైనారిటీ అనే మాట క్రింద ఎన్ని భేదాలు మరుగుపడుతున్నవి! ఇంటిలో తెలుగే మాట్లాడే దూదేకుల సోదరుణ్ణి నీకు ఉర్దూ రాదా అని చిన్నచూపు చూచేవారు మనలో లేరా? సమూహం గౌరవం పేర ఆడపిల్ల చదువును అర్ధాంతరంగా ఆపించేవారు లేరా? 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల పాఠశాల నెలకొల్పిన రొకేయా సఖావత్ హుస్సేన్ బయటివారి కంటె తనవారి నుండియే ఎక్కువ మాటలు పడినది. ఆమె తన సమూహాన్ని విడిచిపెట్టలేదు, దానిని ప్రశ్నించటమూ మానలేదు. తెలుగులో 1998 నాటి జల్‌జలా, 2004 నాటి వతన్ సంకలనాలు ముస్లిం జీవితాన్ని ముస్లిం రచయితల నోటనే వినిపించినవి. గోలకొండ కవుల సంచిక వలె అవి కూడ, మేమున్నాం అని చెప్పిన పుస్తకాలే. భేదాన్ని గౌరవించమని లోకాన్ని కోరేవారు తమ లోపలి భేదాన్ని అణచివేస్తే ఆ కోరికకు బలం ఉండదు.

మన ఇంటిలో

ఇప్పుడు మన తెల్లకాగితం వద్దకు వద్దాం.

ఇరువైపుల నుండీ అభ్యంతరాలు రావచ్చు. భేదాన్ని గూర్చి ఇంతగా మాట్లాడితే జాతి సమైక్యత దెబ్బతింటుందని ఒకరంటారు. ద్వారాలు తెరిస్తే పెద్దభాష వచ్చి చిన్నభాషను మ్రింగివేస్తుందని మరొకరంటారు. మొదటివారికి సమాధానం ఢాకాయే చెప్పినది. అణచిన భేదమే చీలికగా మారుతుంది. రెండవవారి భయంలో కొంత సత్యమున్నది. దానిని త్రోసివేయరాదు. పిల్లలు మాతృభాషను సరిగా చదవకముందే దానిని వదలుకొనే పరిస్థితి మనం చూస్తున్నదే. కాని తలుపులు మూసివేయటం వల్ల భాష బ్రతకదు. చదివేవారు పెరగటం వల్ల బ్రతుకుతుంది. గోలకొండలో ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడనిపించుకొన్నాడు. పొన్నెగంటి తెలగన తన అచ్చతెలుగు కావ్యాన్ని అమీన్‌ఖానుకు అంకితమిచ్చినాడు. దానివల్ల ఏ భాష నష్టపోయినది? మనం తెలుగు వ్రాస్తున్నది కలంతో, కాగితం మీద. ఈ రెండు మాటలూ అరబ్బీ, పారసీకాల నుండి వచ్చినవే. జవాబు, హామీ, తారీఖు, హాజరు కూడ అంతే. మన ఇళ్ళలోని దక్కనీలో బోల్‌కే అనే మాట తెలుగులో అని ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడే వస్తున్నది. మన పూర్వులు తెల్లకాగితాన్ని ఏనాడో దాటినారు. దానిని తిరిగి మధ్యలో పెట్టినది మనమే.

కనుక కళాశాల సంఘం వారి ముందు మూడు చిన్న కోరికలు ఉంచుతున్నాను. వచ్చే ఏటి సంచికలో ఉర్దూ విభాగం నుండి కనీసం రెండు రచనలను తెలుగులోనికి, తెలుగు విభాగం నుండి రెండింటిని ఉర్దూలోనికి విద్యార్థులచేతనే అనువదింపజేసి అచ్చువేయాలి. మధ్యనున్న ఆ తెల్లకాగితం మీద ప్రతి సంవత్సరం ఒక చిన్న రచనను రెండు లిపులలోనూ ఎదురెదురుగా ముద్రించాలి. ఇక, కోరిన విద్యార్థులకు రెండవ లిపిని నేర్పటానికి వారానికి ఒక గంట కేటాయించాలి. తెలుగు విద్యార్థికి ఆ పడవగీత మీద చుక్కలు చదవటం, ఉర్దూ విద్యార్థికి మన గుణింతం దిద్దటం ఒక విద్యాసంవత్సరంలో అసాధ్యం కాదు. ఇందుకు పుటలు, ధనం ఎక్కడివని సంఘం వారు అడగవచ్చు. అడగటం న్యాయమే. సన్మానాల ఛాయాచిత్రాలకు కేటాయించే పుటలలో నాలుగింటిని తగ్గిస్తే పుటల కొరత తీరుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను. వాటిలో ఈ వ్యాసకర్త చిత్రమున్న పుటను తొలుతగా తొలగించినా అభ్యంతరం లేదు.

అనువాదమంటే భేదాన్ని చెరిపివేయటం కాదు. రెండు భాషలు ఒకటే అయితే అనువాదం అవసరం లేదు. రెండూ పూర్తిగా పరాయివైతే అనువాదం సాధ్యం కాదు. భేదమూ ఉండి, బంధుత్వమూ ఉన్నచోటనే అది పుడుతుంది. మనుషుల మధ్య స్నేహం కూడ అట్టిదే.

విద్యార్థినీ విద్యార్థులారా! కళాశాల సంఘం వారి నిర్ణయం వెలువడేవరకు వేచి ఉండనక్కరలేదు. ఈ సంచిక మీ చేతిలోనే ఉన్నది. ఈ వ్యాసం ముగించిన తరువాత పుస్తకాన్ని మూసివేయకండి. త్రిప్పి, అవతలి ముఖపత్రాన్ని తెరవండి. అక్షరాలు తెలియకపోతే ప్రక్క తరగతి మిత్రుణ్ణి పిలచి, ఒక్క పుట చదివి వినిపించమని అడగండి. అతడు చదివిన తరువాత మీరు అతనికి ఒక పుట చదివి వినిపించండి. వచ్చే ఏడు ఆ తెల్లకాగితం ఖాళీగా ఉండకపోతే అది మీ ఇద్దరి పుణ్యమే.